అమెరికాకు పార్సిల్: ఎక్స్‌ప్రెస్, ఎకానమీ, స్పీడ్ పోస్ట్‌లలో ఏది ఎవరికి తగినది

హైదరాబాద్‌లో అమీర్‌పేట, కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ వంటి చోట్ల అంతర్జాతీయ కొరియర్ కౌంటర్ల ముందు నిలబడితే అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "కిలోకు ఎంత తీసుకుంటారు?" పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తల్లిదండ్రులకు అది సహజమైన ప్రశ్నే. అయితే అంతకంటే ముందు అడగవలసినది మరొకటి ఉంది. అక్కడ దిగిన తరువాత మన పెట్టెను గుమ్మం దాకా తీసుకువెళ్ళేది ఎవరు? ఇక్కడ డబ్బు తీసుకున్న కొరియర్ సంస్థ మనిషేనా, లేక అమెరికా తపాలా శాఖ అయిన యూఎస్‌పీఎస్ ఉద్యోగా? చాలా ఎకానమీ సర్వీసుల్లో ప్రయాణం మొదలుపెట్టేది ఒకరు, ముగించేది మరొకరు. పెట్టె ఆలస్యమైనా, కనిపించకపోయినా, వెనక్కి వచ్చినా, ఆ మార్పు జరిగే చోటే చిక్కు మొదలయ్యే అవకాశం ఎక్కువ. ధర తేడాకు ప్రధాన కారణం కూడా అక్కడే ఉంది.

ప్రైవేటు కొరియర్ తన పార్సిల్‌ను తపాలా శాఖకు ఎందుకు అప్పగిస్తుంది? యూఎస్‌పీఎస్ ఉద్యోగులు వారానికి కనీసం ఆరు రోజులు దేశమంతటా తిరుగుతారు. వారు చేరవేయవలసిన చిరునామాలు 16 కోట్లకు పైగా ఉన్నాయి. ఒక వీధిలో ఒక్క ఇంటికి ఒక్క పెట్టె ఇవ్వడానికి కొరియర్ సంస్థ తన బండిని, డ్రైవరును పంపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఎలాగూ ఆ వీధికి వెళ్ళే పోస్ట్‌మ్యాన్ చేతికి ఇస్తే అది బాగా తగ్గుతుంది. అందుకే పార్సిళ్ళను గుత్తగా తెచ్చి, గమ్యానికి దగ్గరగా ఉన్న పోస్టాఫీసులో అప్పగించే పద్ధతి అక్కడ ఏనాటినుంచో ఉంది. ప్రైవేటు కొరియర్ సంస్థలైన ఫెడెక్స్, యూపీఎస్‌లు నడిపిన ఫెడెక్స్ స్మార్ట్‌పోస్ట్, యూపీఎస్ ష్యూర్‌పోస్ట్ అనే సర్వీసులు ఈ పద్ధతి మీదనే నడిచాయి. ఆ పార్సిళ్ళను క్రమంగా తన బండ్లలోనే పంపుతామని ఫెడెక్స్ 2019లో ప్రకటించింది. యూపీఎస్‌కు తపాలా శాఖతో ఉన్న ఒప్పందం 2025 జనవరి 1తో ముగిసింది. అదే సంవత్సరం అక్టోబరులో మళ్ళీ ప్రాథమిక అవగాహన కుదిరిందని ఆ సంస్థ చెప్పింది. ఈ ఏర్పాట్లు ఇంత త్వరగా మారుతుంటాయి కాబట్టి, రెండేళ్ళ క్రితం బంధువులు పంపిన అనుభవాన్ని బట్టి ఈ రోజు నిర్ణయం తీసుకోవడం మంచిది కాదు.

ముందుగా తేల్చుకోవలసిన విషయాలు

మొదటిది, అక్కడి చిరునామా ఎటువంటిది అన్నది. సొంత ఇల్లా, గేటు కోడ్ ఉండే అపార్ట్‌మెంటా, యూనివర్సిటీ హాస్టలా, లేక పోస్టాఫీసు బాక్సా? పోస్టాఫీసు బాక్సుకు తపాలా శాఖ తప్ప ప్రైవేటు కొరియర్లు సాధారణంగా పెట్టె ఇవ్వలేవు. అపార్ట్‌మెంట్లలో కింద వరుసగా ఉండే తపాలా పెట్టెలకు, వాటి పక్కన ఉండే పార్సిల్ లాకర్లకు తాళంచెవి యూఎస్‌పీఎస్ ఉద్యోగి దగ్గర ఉంటుంది. కొరియర్ డ్రైవరు మాత్రం తలుపు ముందు పెట్టిపోవాలి, లేదా ఆఫీసులో ఇవ్వాలి. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండని విద్యార్థులకు ఇది చిన్న తేడా కాదు.

రెండవది గడువు. పచ్చడి వారం ఆలస్యమైతే నష్టం లేదు. యూనివర్సిటీకి చేరవలసిన ట్రాన్స్‌క్రిప్టు ఒక్క రోజు ఆలస్యమైనా ఇబ్బందే.

మూడవది లెక్కించే బరువు. తూకంలో వచ్చిన బరువు ఒకటి, పెట్టె పరిమాణాన్ని బట్టి లెక్కగట్టే బరువు మరొకటి. రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం ఎక్స్‌ప్రెస్ సంస్థల్లో సాధారణ లెక్క. 45, 35, 30 సెంటీమీటర్ల పెట్టెలో 6 కిలోల బరువే ఉన్నా, ఆ లెక్క ప్రకారం 9.45 కిలోలు వస్తుంది. కౌంటరు మీద రాసిన కిలో ధర తక్కువగా ఉండి, భాగించే అంకె కూడా తక్కువగా ఉంటే చివరి బిల్లు పెరుగుతుంది. కాబట్టి ధరతోపాటు ఆ అంకెను కూడా అడగాలి.

నాలుగవది, ట్రాకింగ్ నంబరు మొదటినుంచి చివరిదాకా ఒక్కటేనా అన్నది. ఐదవది, పెట్టె పోతే జవాబుదారీ ఎవరిది అన్నది. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడినవే.

| చూడవలసిన విషయం | నేరుగా ఎక్స్‌ప్రెస్ | తపాలా శాఖకు అప్పగించే ఎకానమీ | ఇండియా పోస్ట్ స్పీడ్ పోస్ట్ |
|---|---|---|---|
| అక్కడ ఇంటికి తెచ్చేది | ఫెడెక్స్, డీహెచ్‌ఎల్, యూపీఎస్ వంటి సంస్థల సొంత డ్రైవరు | ఎక్కువగా యూఎస్‌పీఎస్ | యూఎస్‌పీఎస్ |
| ట్రాకింగ్ నంబరు | ఒక్కటే | అమెరికా చేరాక మారుతుంది | ఒక్కటే |
| వేగం | అన్నిటికంటే ఎక్కువ | అన్నిటికంటే తక్కువ, తేదీలో నిలకడ ఉండదు | మధ్యస్థం, కస్టమ్స్‌ను బట్టి మారుతుంది |
| ఖర్చు | ఎక్కువ | పెద్ద పెట్టెలకు తక్కువ | చిన్న ప్యాకెట్లకు అనుకూలం |
| పోస్టాఫీసు బాక్సు చిరునామా | సాధారణంగా కుదరదు | కుదురుతుంది | కుదురుతుంది |
| ఫిర్యాదు ఎవరికి | బుక్ చేసిన సంస్థకు | ఇక్కడి కౌంటరుకు మాత్రమే | ఇక్కడి తపాలా శాఖకు |
| ఇంటికి వచ్చి తీసుకోవడం | ఉంటుంది | చాలామంది ప్యాకింగ్‌తో సహా చేస్తారు | పోస్టాఫీసుకు వెళ్ళడమే మేలు |

నేరుగా ఎక్స్‌ప్రెస్

దీని గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. విమానం, కస్టమ్స్ ఏజెంటు, చివరి డ్రైవరు అంతా ఒకే సంస్థ చేతిలో ఉంటుంది కాబట్టి పెట్టె ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో ఆ సంస్థే చెప్పగలదు. సర్టిఫికెట్లు, ఆస్తి పత్రాలు, పవర్ ఆఫ్ అటార్నీ వంటి కాగితాలకు, ఖరీదైన చిన్న వస్తువులకు ఇదే సరైన దారి. జాగ్రత్తపడవలసినవి రెండు. సుంకం పడితే దానితోపాటు కస్టమ్స్ పని చేసినందుకు సంస్థ తన రుసుమును కూడా వేస్తుంది. అది అక్కడ అందుకునేవారి దగ్గర వసూలు చేస్తారా, ఇక్కడే కట్టించుకుంటారా అన్నది ముందే తెలుసుకోవాలి. అలాగే అమెరికాకు పంపే ప్రతి కౌంటరూ ఆ పెద్ద సంస్థది కాదు. బోర్డు మీద మూడు నాలుగు సంస్థల గుర్తులు ఉన్నంతమాత్రాన మీ పెట్టె వాటిలోనే వెళ్తుందని అనుకోకూడదు. చేతికి ఇచ్చే రసీదు ఎవరి పేరు మీద ఉందో, దాని మీద ఉన్న నంబరు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఎప్పటినుంచి కనిపిస్తుందో చూడాలి.

తపాలా శాఖకు అప్పగించే ఎకానమీ

పచ్చళ్ళు, పొడులు, పూతరేకులు, చీరలు, పూజా సామగ్రి వంటి వాటిని పెట్టెలకొద్దీ పంపే కుటుంబాలు ఎక్కువగా ఎంచుకునేది దీన్నే. ఇది ఎలా నడుస్తుందో తెలిస్తే దాని బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. నగరంలోని అనేక కౌంటర్ల పెట్టెలను ఒక పెద్ద ఏజెంటు పోగుచేస్తాడు. అవన్నీ కలిసి విమాన సరుకుగా అమెరికాలోని ఒక పెద్ద విమానాశ్రయానికి చేరతాయి. అక్కడ కస్టమ్స్ పూర్తయ్యాక ఒక గోదాములో వాటిని విడదీసి, ఒక్కొక్కదానికి కొత్త లేబుల్ అంటిస్తారు. చిన్న పెట్టెలకు ఎక్కువగా యూఎస్‌పీఎస్ లేబుల్, బరువైన వాటికి యూపీఎస్ వంటి సంస్థల గ్రౌండ్ సర్వీసు లేబుల్ పడుతుంది. యూఎస్‌పీఎస్ 70 పౌండ్లకు, అంటే సుమారు 31.75 కిలోలకు మించిన పార్సిల్‌ను తీసుకోదు. పెద్ద పెట్టెను రెండుగా విడదీసి పంపిన సందర్భాల్లో ఒక్కొక్కదానికి విడి నంబరు ఉంటుంది. రెండూ ఒకే రోజు చేరాలన్న నియమం లేదు.

ఆ కొత్త లేబుల్ పడిన రోజునుంచి అందుకునేవారు చూసే నంబరు యూఎస్‌పీఎస్‌ది, సాధారణంగా 22 అంకెలు ఉండి 9తో మొదలవుతుంది. ఆ నంబరును యూఎస్‌పీఎస్ వెబ్‌సైట్‌లో వేస్తే మొదట కనిపించేది "లేబుల్ తయారైంది, వస్తువు ఇంకా మాకు అందలేదు" అన్న అర్థం వచ్చే వాక్యం. పెట్టె ఇంకా గోదాములోనే ఉండగా లేబుల్ వివరాలు మాత్రమే ముందుగా తపాలా శాఖకు చేరడం వల్ల ఇలా వస్తుంది. రెండు మూడు రోజులు అలాగే ఉంటే కంగారుపడనక్కరలేదు. వారం దాటినా ఆ వాక్యం మారకపోతే మాత్రం పెట్టె అప్పగింతే జరగలేదని అర్థం చేసుకుని, హైదరాబాద్ కౌంటరును గట్టిగా అడగాలి. ఆ దశలో అక్కడి పిల్లలు తమ పోస్టాఫీసుకు వెళ్ళి అడిగినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే పెట్టె వారి దగ్గరికి రాలేదు.

నా దృష్టిలో ఈ సర్వీసుకు ఉన్న అసలు లోపం వేగం కాదు, బాధ్యత విషయంలో ఏర్పడే ఖాళీ. యూఎస్‌పీఎస్ లేబుల్ మీద పంపినవారిగా ఉండేది మీ పేరు కాదు, అక్కడి గోదాము నడిపే సంస్థ పేరు. లేబుల్ కొన్నది వారు కాబట్టి పార్సిల్ పోయిందని అడిగితే తపాలా శాఖ "పంపినవారిని సంప్రదించండి" అంటుంది. అంటే తిరిగి మీ ఇంటి దగ్గరి కౌంటరుకే రావాలి. కాబట్టి ఈ దారిలో ధర కంటే కౌంటరు మనిషి నమ్మకస్తుడా, రసీదు ఇస్తాడా, పోతే ఎంత ఇస్తానని రసీదు మీద రాస్తాడా అన్నవే ముఖ్యం. నోటిమాటగా "మాది గ్యారంటీ" అంటే సరిపోదు.

ప్యాకింగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మూడు దారుల్లోకెల్లా దీనిలోనే పెట్టె ఎక్కువ చేతులు మారుతుంది. ఆవకాయ నూనె ఒక్క చుక్క కారినా అట్ట పీల్చుకుంటుంది. ఆ మరక పైకి పాకి లేబుల్ కాగితాన్ని చేరితే బార్‌కోడ్ పాడై, యంత్రం చదవలేకపోవచ్చు. అప్పుడు పెట్టెను మనుషులు విడిగా తీసి చూడవలసి వస్తుంది. కాబట్టి గాజు సీసాను పూర్తిగా మానేసి, సీల్ చేసిన పౌచ్‌ను మరో పౌచ్‌లో పెట్టి, దాన్ని మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి, డబ్బా చుట్టూ కాగితం కాకుండా బట్ట కుక్కడం మంచిది. లోపల పైభాగాన పంపేవారి, అందుకునేవారి చిరునామాలు, ఫోన్ నంబర్లు రాసిన కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. పై లేబుల్ పాడైనా ఆ కాగితం పెట్టెను కాపాడుతుంది.

ఇండియా పోస్ట్ స్పీడ్ పోస్ట్

చాలామంది దీన్ని లెక్కలోకే తీసుకోరు, అది సరికాదు. ఇక్కడ కూడా చివరికి యూఎస్‌పీఎస్ ఉద్యోగే ఇంటికి తెస్తాడు, కాని మధ్యలో గోదాము ఏజెంటు ఉండడు. ప్రపంచ తపాలా సంఘంలో భారత్ 1876 నుంచి సభ్యదేశం. ఆ ఒప్పందాల ప్రకారం ఒక దేశపు తపాలా శాఖ అప్పగించిన దాన్ని మరో దేశపు తపాలా శాఖ తన బాధ్యతగా తీసుకుని చేరవేస్తుంది. అబిడ్స్ జనరల్ పోస్టాఫీసులో బుక్ చేసినప్పుడు ఇచ్చే 13 అక్షరాల నంబరు చివర ఐఎన్ అని ఉంటుంది. అదే నంబరును ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లోనూ, పెట్టె అమెరికా చేరాక యూఎస్‌పీఎస్ వెబ్‌సైట్‌లోనూ చూడవచ్చు. ఎకానమీలో లేని సౌకర్యం ఇది. ఫిర్యాదు చేయవలసి వస్తే మీరు ఇక్కడే, రసీదు చూపించి, రాతపూర్వకంగా చేయవచ్చు.

దీని ఇబ్బందులూ ఉన్నాయి. మీరే ప్యాక్ చేసి తీసుకువెళ్ళి, కస్టమ్స్ ప్రకటన పత్రంలో ప్రతి వస్తువునూ, దాని విలువనూ రాయాలి. ప్రభుత్వ నిర్ణయాలతో సర్వీసు ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. 800 డాలర్లలోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి తొలగించినప్పుడు, ఇండియా పోస్ట్ ఆగస్టు 25 నుంచే అమెరికా పార్సిళ్ళ బుకింగ్‌ను నిలిపివేసింది. సుంకాన్ని ఇక్కడే ముందుగా కట్టించుకునే ఏర్పాటుతో అక్టోబరు 15న తిరిగి ప్రారంభించింది. నిజమైన కానుకగా పంపే 100 డాలర్లలోపు పార్సిల్‌కు మినహాయింపు కొనసాగింది. సుంకం రేట్లు ఆ తరువాత కూడా మారుతూ వచ్చాయి కాబట్టి, బుక్ చేసే రోజు కౌంటరులో చెప్పిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

ఏ దారిలో పంపినా మారని నియమాలు

కౌంటరు మనిషి "పరవాలేదు, పెట్టేయండి" అన్నా అమెరికా కస్టమ్స్ ఒప్పుకోని వస్తువులు కొన్ని ఉన్నాయి. చికెన్ పచ్చడి, గోంగూర మటన్ వంటి మాంసపు పచ్చళ్ళు పంపకూడదు. బియ్యం, శనగలు కూడా కుదరవు. ఖాప్రా అనే ధాన్యపు పురుగు ఉన్న దేశాల జాబితాలో భారత్ ఉంది. పచ్చి కరివేపాకు ఒక్క రెమ్మ కూడా పెట్టకూడదు, ఎందుకంటే నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది. ఇంట్లో చేసి, కానుకగా, వ్యాపారం కాకుండా వ్యక్తి నుంచి వ్యక్తికి పంపే తిండి పదార్థాలకు అక్కడి ఆహార శాఖకు ముందస్తు సమాచారం ఇవ్వాలన్న నియమం నుంచి మినహాయింపు ఉంది. దుకాణంలో కొన్న తినుబండారాలకు ఆ మినహాయింపు వర్తించదు. విలువను తక్కువగా రాయించడం, పచ్చడిని "బట్టలు" అని రాయించడం మాత్రం చేయకండి. పట్టుబడితే పెట్టె పోతుంది, పరిహారం అడిగే హక్కు కూడా పోతుంది.

ఎవరికి ఏది

మే నెలలో ఆవకాయ పెట్టి, పిల్లల ఇద్దరు ముగ్గురు స్నేహితులకు కూడా కలిపి పది కిలోలకు పైగా పంపే తల్లిదండ్రులకు ఎకానమీయే సరైనది, తొందర లేనంతవరకు. అయితే దసరాకో దీపావళికో చేరాలనుకుంటే నెల ముందే పంపాలి, లేదా ఎక్స్‌ప్రెస్ ఖర్చుకు సిద్ధపడాలి. పండుగ రోజుల్లో గోదాముల్లో పెట్టెలు పోగుపడతాయి. ఆ ఆలస్యాన్ని ఏ కౌంటరూ ముందుగా చెప్పదు.

రెండు కిలోలలోపు చిన్న ప్యాకెట్, ఒక జత బట్టలు, రాఖీ, పుస్తకం వంటివి పంపేవారు ముందు స్పీడ్ పోస్ట్ ధర అడిగి, తరువాతే మిగతావాటితో పోల్చుకోవాలి. ఎకానమీ కౌంటర్లలో కిలో ధర బరువు పెరిగినకొద్దీ తగ్గుతుంది కాబట్టి చిన్న బరువుకు అక్కడ పెద్ద లాభం ఉండదు.

ఆగస్టులో కొత్తగా వెళ్ళిన విద్యార్థుల విషయంలో ఒక ముఖ్యమైన జాగ్రత్త ఉంది. మొదటి నెలలో వారి చిరునామా మారే అవకాశం ఎక్కువ. ఎకానమీలో పెట్టె దారిలో ఉండగానే పిల్లవాడు మరో అపార్ట్‌మెంటుకు మారితే, అప్పగింత తరువాత చిరునామా మార్చడం చాలా కష్టం. ఇల్లు స్థిరపడేదాకా పెద్ద పెట్టె పంపకపోవడమే మేలు. చిరునామాలో అపార్ట్‌మెంటు నంబరు తప్పనిసరిగా ఉండాలి; అది లేకపోతే వందల ఇళ్ళున్న సముదాయంలో పెట్టె ఎవరిదో తేలదు.

మందులు పంపేవారికి ఎకానమీ వద్దనే చెబుతాను. రోగి పేరుతో డాక్టరు చీటీ, కొన్న బిల్లు జతచేసి, ఆ మందు అక్కడికి అనుమతి ఉన్నదో లేదో ముందే కనుక్కుని, ఎక్స్‌ప్రెస్‌లో పంపాలి. ఎవరో ఒకరు పిలిస్తే పలికే సర్వీసు కావాలి, దారిలో చేతులు మారకూడదు.

ఇంట్లో పచ్చళ్ళు చేసి అమెరికా ఖాతాదారులకు అమ్మే చిన్న వ్యాపారులకు పై సలహా ఏదీ నేరుగా వర్తించదు. అమ్మకం కానుక కాదు. సుంకం, ఆహార శాఖకు ముందస్తు సమాచారం రెండూ తప్పవు. వారు ఎగుమతి పత్రాలు సరిగా చేసే సంస్థతో లేదా తపాలా శాఖ ఎగుమతి కేంద్రంతో మాట్లాడుకోవాలి.

డబ్బు కట్టే ముందు, పెట్టె ఆగినప్పుడు

కౌంటరులో ఈ ప్రశ్నలకు జవాబులు రసీదు మీదనే రాయించుకోండి: అమెరికాలో చివరి డెలివరీ ఎవరు చేస్తారు, అక్కడి నంబరు ఎన్ని రోజుల్లో ఇస్తారు, సుంకం ఈ ధరలో కలిసి ఉందా, పెట్టె వెనక్కి వస్తే ఖర్చు ఎవరిది, పోతే ఎంత చెల్లిస్తారు. మూడు పెట్టెలు పంపుతుంటే మూడింటి తూకం వేసేటప్పుడు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పెట్టె తెరిచి ఉండగా లోపలి వస్తువుల ఫొటో కూడా ఉంచుకోండి.

అక్కడివారు యూఎస్‌పీఎస్‌లో ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ అనే ఉచిత సౌకర్యంలో పేరు నమోదు చేసుకుంటే, తమ చిరునామాకు వస్తున్న ఉత్తరాలు, పార్సిళ్ళ సమాచారం వారికి ముందే అందుతుంది. కౌంటరు నంబరు ఇవ్వడం ఆలస్యమైనా, పెట్టె తపాలా శాఖ చేతికి చేరిన సంగతి దాని ద్వారా తెలిసే అవకాశం ఉంది. ఇంట్లో లేనప్పుడు ఉద్యోగి వదిలివెళ్ళే చీటీని పారేయకూడదు. పోస్టాఫీసు ఆ పార్సిల్‌ను సాధారణంగా 15 రోజులు ఉంచి, తరువాత పంపినవారికి తిప్పి పంపుతుంది. ఎకానమీలో ఆ "పంపినవారు" అంటే అమెరికాలోని గోదాము. అక్కడికి వెళ్ళిన పెట్టెను మళ్ళీ పంపించడానికి కొత్త లేబుల్ ఖర్చు అడగవచ్చు. కాబట్టి చీటీ కనిపించిన మరుసటి రోజే గుర్తింపు కార్డుతో వెళ్ళి పెట్టె తెచ్చుకోమని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.